విదేశీ కోర్టు వేసిన జరిమానా, ఇచ్చిన డిక్రీ: మన దగ్గర ఏది వసూలవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

దుబాయ్ నుంచో లండన్ నుంచో కోర్టు కాగితం వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లున్న ఇళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు. కాగితం చూడగానే కొందరు ఉన్న ఎకరం అమ్మి కట్టేయడానికి సిద్ధపడతారు. కొందరు చించి పారేసి ఊరుకుంటారు. రెండూ తొందరపాటే. అందులో రాసిన సొమ్ము మన చట్టం లెక్కలో జరిమానానా, బాకీనా అన్నది ముందు తేలాలి. అది తేలాకే కట్టాలా, కోర్టులో ఎదుర్కోవాలా అన్న మాట. ఇక్కడ రాసింది అవగాహన కోసం. మీ కాగితం చదివి వకీలు చెప్పే సలహాకు ఇది బదులు కాదు.

విదేశీ కోర్టు వేసిన జరిమానాను భారతదేశంలో వసూలు చేయొచ్చా?

సివిల్ కోర్టులో అమలు పిటిషన్ వేసి వసూలు చేసుకోవడం కుదరదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఎ సెక్షన్ ఉంది. కొన్ని దేశాల కోర్టులు ఇచ్చిన డిక్రీని, అంటే సివిల్ కేసు తేల్చి ఇచ్చిన ఉత్తర్వును, మన జిల్లా కోర్టు ఇచ్చిన డిక్రీలాగే ఇక్కడ అమలు చేయించుకునే దారి అది. 1937లో కోడ్‌లో చేర్చారు. ఆ సెక్షన్ కింద ఉన్న రెండో వివరణ డిక్రీ అంటే ఏమిటో చెబుతుంది. తీర్పు ప్రకారం చెల్లించాల్సిన డబ్బు ఉండాలి. కానీ ఆ డబ్బు పన్ను కాకూడదు, పన్నులాంటి మరో వసూలు కాకూడదు, జరిమానా కాకూడదు, వేరే ఏ పెనాల్టీ కాకూడదు.

బ్రిటన్ 1933లో విదేశీ తీర్పుల అమలు కోసం చేసిన చట్టంలోనూ ఇవే మాటలున్నాయి. దీని వెనక ఉన్న సూత్రం అంతకంటే చాలా పాతది. శిక్షించే అధికారం ఏ రాజ్యానికైనా దాని సరిహద్దు వరకే. ఒక దేశం విధించిన శిక్షను ఇంకో దేశం కోర్టు తన అమీనాను పంపి అమలు చేయదు.

జరిమానా, పెనాల్టీ అన్న వాటికి చట్టంలో నిర్వచనం ఉందా?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో లేదు. కోర్టులు తీర్పుల్లో చెప్పుకుంటూ వచ్చాయి. వాటిలో అందరూ ఇప్పటికీ చూసేది హంటింగ్‌టన్ వర్సెస్ ఆట్రిల్ అనే కేసు. 1892లో ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో బ్రిటిష్ వలసలకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, తీర్పు చెప్పింది. న్యూయార్క్‌లో ఒక కంపెనీ డైరెక్టర్ మూలధనం గురించి తప్పుడు ధ్రువీకరణ మీద సంతకం పెట్టాడు. అలా చేసిన డైరెక్టర్ కంపెనీ అప్పులకు తానే బాధ్యుడని న్యూయార్క్ చట్టం చెప్పింది. అప్పిచ్చినతను అక్కడ తీర్పు తెచ్చుకుని కెనడాలోని ఒంటారియోలో వసూలుకు దిగాడు. డైరెక్టర్ వైపు వాదన: ఇది పెనాల్టీ, పరాయి దేశంలో చెల్లదు. ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఒక చట్టానికి ఆ దేశంలో ఏ పేరు పెట్టుకున్నారన్నది కాదు, ప్రజలందరి తరఫున రాజ్యం వేసిన శిక్షా, నష్టపోయిన మనిషికి ఇచ్చిన పరిహారమా అన్నది చూడాలంది. పైగా ఆ సంగతి తేల్చాల్సింది అమలు చేయమని అడిగిన చోటి కోర్టే.

మామూలు మాటల్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. డబ్బు ఎవరి చేతికి వెళుతుంది, ప్రభుత్వానికా, ఎదుటి పార్టీకా? ఎందుకు కట్టమన్నారు, చేసిన నేరానికా, కలిగిన నష్టానికా? ఎదుటి పార్టీ రాజీపడి వదులుకుంటానంటే ఆ సొమ్ము మాఫీ అవుతుందా? మూడింటికీ జవాబు మనిషి వైపు చూపిస్తే అది బాకీ. ప్రభుత్వం వైపు చూపిస్తే జరిమానా.

ఒకే తీర్పులో జరిమానా, పరిహారం రెండూ ఉంటే?

విడదీస్తారు. దీనికి 1911 నాటి ఒక ఇంగ్లండ్ కేసు బాగా పనికొస్తుంది. పారిస్‌లో ఒక అమెరికన్ యువతి గుర్రాన్ని అదుపు లేకుండా దౌడు తీయించి ఒక ఫ్రెంచి సైనికాధికారిని గుద్దింది. ఆయన బాగా గాయపడ్డాడు. ప్రభుత్వం ఆమె మీద క్రిమినల్ కేసు పెట్టింది. ఫ్రెంచి చట్టం ఇచ్చిన వీలుతో ఆయన కూడా నష్టపరిహారం కోసం అదే కేసులో చేరాడు. కోర్టు ఒకే తీర్పులో ఆమెకు జరిమానా వేసి, ఆయనకు పరిహారం ఇప్పించింది. ఆయన ఆ తీర్పు పట్టుకుని ఇంగ్లండ్‌లో దావా వేస్తే, శిక్ష భాగాన్ని పక్కనపెట్టి పరిహారం భాగాన్ని అక్కడి కోర్టు అమలు చేసింది. తీర్పు ఇచ్చింది క్రిమినల్ కోర్టు కాబట్టి మొత్తం చెల్లదు అనుకుంటే పొరపాటని ఈ కేసు చూపిస్తుంది.

గల్ఫ్ నుంచి వచ్చే తీర్పుల్లోనూ ఇలా రెండు రకాల సొమ్మూ ఒకే కాగితంలో కనిపించొచ్చు. అనువాదం చేయించేటప్పుడు ఒక్కో అంకె పక్కన అది దేని కింద పడిందో వాక్యం మొత్తం అనువదించమని గట్టిగా చెప్పండి. మొత్తం ఇంత అని ఒక ముక్కలో రాసిచ్చిన అనువాదం వల్ల మనిషి నష్టపోతాడు.

కోర్టు ఖర్చులు కట్టమన్నారు. అది పెనాల్టీయేగా?

సివిల్ కేసులో ఓడినవాళ్ల మీద వేసే ఖర్చులు పెనాల్టీ కాదు. ఆల్కాన్ ఎలక్ట్రానిక్స్ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. ఇంగ్లండ్ హైకోర్టు ఒక భారతీయ కంపెనీని 12 వేల పౌండ్లకు పైగా ఖర్చులు కట్టమంది. అవతల ఉన్నది ఫ్రెంచి కంపెనీ. ఇక్కడ అమలుకు వస్తే భారతీయ కంపెనీ 44ఎ రెండో వివరణనే అడ్డం పెట్టుకుంది. ఖర్చులు పన్నులాంటివీ కావు, పెనాల్టీ కిందికీ రావు, కాబట్టి అది అమలు చేయదగిన డిక్రీయే అని సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద వడ్డీ కూడా.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఇంగ్లండ్‌లో వకీళ్ల ఫీజులు భారీగా ఉంటాయి. అసలు దావా కన్నా ఖర్చుల ఆర్డరే పెద్దదయ్యే సందర్భాలున్నాయి. అక్కడ ఊరికే ఒక అర్జీ వేసి చూద్దాం అనుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

నష్టపరిహారం మామూలు కంటే ఎక్కువ వేస్తే, అంటే బుద్ధి చెప్పడానికి వేస్తే?

ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1970ల చివర్లో ఒక ఫ్రెంచి తీర్పు విషయంలో, కావాలని సతాయించినందుకు అదనంగా వేసిన సొమ్ము కూడా ఎదుటి పార్టీకి చేరేదే కాబట్టి పెనాల్టీ కాదంది. అయితే అమెరికా తరహాలో నష్టాన్ని మూడింతలు చేసి వేసే తీర్పులను అడ్డుకోవడానికి బ్రిటన్ 1980లో ప్రత్యేకంగా చట్టమే చేసుకుంది. అలాంటి ప్రత్యేక చట్టం మనకు లేదు.

హైదరాబాద్‌కు సంబంధించిన ఉదాహరణ ఏమైనా ఉందా?

సత్యం కంప్యూటర్స్ వ్యవహారమే ఉంది. 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడ్డాక అమెరికాలో ఆ కంపెనీ మీద రెండు రకాల డబ్బు పడింది. అక్కడి సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థతో రాజీలో 2011లో 10 మిలియన్ డాలర్ల పెనాల్టీకి కంపెనీ ఒప్పుకుంది. షేర్లు కొని నష్టపోయినవాళ్లందరి తరఫున ఒకటిగా వేసిన క్లాస్ యాక్షన్ దావాలో 125 మిలియన్ డాలర్లకు రాజీపడింది. మోసం ఒకటే, ఊరు ఒకటే. కానీ మొదటిది రాజ్యం తరఫున వేసిన పెనాల్టీ, రెండోది మదుపరులకు అందాల్సిన పరిహారం. రెండూ ఒప్పందంతోనే ముగిశాయి కాబట్టి ఇక్కడి కోర్టులో అమలు ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే ఈ తేడాయే మొదటి వాదన అయ్యేది.

44ఎ సెక్షన్ ఏ దేశాలకు వర్తిస్తుంది?

కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన దేశాలకే. చట్టంలో వాటిని పరస్పర దేశాలు అంటారు. మన డిక్రీలకు వాళ్లు విలువిస్తే వాళ్ల డిక్రీలకు మనం ఇస్తాం అన్నది ఏర్పాటు. బ్రిటన్, సింగపూర్, మలేషియా, హాంకాంగ్, న్యూజిలాండ్, ఫిజీ, బంగ్లాదేశ్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సౌదీ లేవు.

తెలుగువాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు 2020 జనవరి 17న వచ్చింది. ఆ రోజు నోటిఫికేషన్‌తో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఈ జాబితాలో చేరింది. రెండు దేశాల మధ్య సివిల్, వాణిజ్య విషయాల్లో న్యాయ సహకార ఒప్పందం 1999లోనే జరిగినా, ఈ నోటిఫికేషన్ వచ్చేదాకా 44ఎ దారి తెరుచుకోలేదు. దుబాయ్ నుంచి ఇంటికొచ్చేస్తే ఏం చేస్తారులే అన్న పాత ధీమా ఆ రోజుతో పోయింది. ఈ సంగతి ఊళ్లలో ఇంకా చాలామందికి చేరలేదు. చేరాలి.

ఆ దేశంలో ఏ కోర్టు ఇచ్చినా చెల్లుతుందా?

లేదు. నోటిఫికేషన్‌లో పేరు పెట్టి చెప్పిన కోర్టులే. వాటినే చట్టం సుపీరియర్ కోర్టులు అంటుంది. ఎమిరేట్స్ విషయంలో ఫెడరల్ సుప్రీంకోర్టు, అబుధాబి, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వయిన్, ఫుజైరాల్లోని ఫెడరల్ కోర్టులు, అబుధాబి న్యాయ విభాగం, దుబాయ్ కోర్టులు, రస్ అల్ ఖైమా న్యాయ విభాగం, ఇవి కాక అబుధాబి, దుబాయ్‌లలోని రెండు ఫైనాన్షియల్ సెంటర్ల కోర్టులు జాబితాలో ఉన్నాయి. పోలీసులు, మున్సిపాలిటీ, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఇచ్చిన నోటీసు వీటిలో ఏదీ కాదు. కాగితం పైభాగంలో ఎవరి పేరుందో చూడటం అందుకే మొదటి పని.

గల్ఫ్‌లో బ్యాంకు లోను కట్టలేక వచ్చేశాను. చెక్కు బౌన్స్ అయింది. ఇది జరిమానానా, బాకీనా?

ఒక ఉదాహరణ అనుకుందాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి షార్జా వెళ్లిన ఒకతను 60,000 దిర్హాముల లోను తీసుకుని, సెక్యూరిటీ కింద సంతకం పెట్టిన చెక్కు ఇచ్చాడు. ఉద్యోగం పోయింది, ఇంటికి వచ్చేశాడు, బ్యాంకు ఆ చెక్కు వేస్తే బౌన్సయింది. దీని మీద అక్కడ రెండు రకాల కాగితాలు పుట్టొచ్చు.

ఒకటి క్రిమినల్ కోర్టు వేసిన జరిమానా. పాత కేసుల్లో ఇది మామూలు. ప్రభుత్వానికి పోయే సొమ్ము కాబట్టి 44ఎ కింద ఇక్కడ అమలు కాదు. 2022 జనవరి నుంచి అక్కడ చట్టం మారింది. ఖాతాలో సరిపడా డబ్బు లేక బౌన్సయిన చెక్కుకు మామూలుగా ఇప్పుడు క్రిమినల్ కేసు ఉండదు. చెక్కులో మోసం, ఫోర్జరీ లాంటివి ఉంటే ఇప్పటికీ నేరమే.

రెండోది లోను బాకీ కోసం సివిల్ కోర్టు ఇచ్చిన తీర్పు. ఇది బ్యాంకుకు రావాల్సిన డబ్బు. జరిమానా కట్టేసినా, మాఫీ అయినా, జైల్లో ఉండి వచ్చినా బాకీ అలాగే ఉంటుంది. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. అక్కడ శిక్ష అనుభవించి వచ్చాను, లెక్క తీరిపోయింది అనుకుంటారు. తీరలేదు.

కొత్త చట్టంలో ఇంకో మెలిక ఉంది. చెక్కునే ఆధారంగా పెట్టుకుని బ్యాంకు నేరుగా అమలు జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. సాక్ష్యం, విచారణ ఏమీ లేకుండా అలా వచ్చిన ఉత్తర్వును ఇక్కడికి తెస్తే, అది అసలు విషయం విచారించి ఇచ్చిన తీర్పు కాదని మీ వకీలు వాదించవచ్చు. వాదించాలి కూడా.

ఇక్కడ అమలు చేయించాలంటే వాళ్లు ఏమేం దాఖలు చేయాలి?

డిక్రీ సర్టిఫైడ్ కాపీ, దానితోపాటు డిక్రీలో ఇప్పటికే ఎంత వసూలైందో చెబుతూ ఆ విదేశీ కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్. రెండూ పెట్టి జిల్లా కోర్టులో అమలు పిటిషన్, అంటే మన కోర్టుల భాషలో ఇ.పి., వేయాలి. మీరు కొంత కట్టి ఉంటే ఆ సర్టిఫికెట్‌లో ఆ మొత్తం తగ్గించారో లేదో మీ రసీదులతో సరిచూడండి. జిరాక్స్ పెట్టి సరిపెట్టుకుంటామంటే కుదరదు.

ఇందులో మనకు అండగా ఉన్నది నోటీసు. కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 22 ప్రకారం 44ఎ కింద వేసిన ఇ.పి.లో, అమలు మొదలుపెట్టేముందు ఎందుకు అమలు చేయకూడదో చెప్పమని బాకీదారుకు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు మన జిల్లా కోర్టు ముద్రతో, కేసు నంబరుతో, వాయిదా తేదీతో వస్తుంది. అది రానంతవరకు మామూలుగా మీ ఇంటి మీదకు అధికారికంగా ఎవరూ రాలేరు. వచ్చాక మాత్రం ఆ వాయిదాకు తప్పకుండా వెళ్లాలి.

రికవరీ ఏజెంట్లు ఫోన్ చేసి రేపే పోలీసులు వస్తారంటున్నారు. నిజమా?

పోలీసులకు సివిల్ డిక్రీ వసూలుతో పని లేదు. వసూలు చేయించేది కోర్టు, అది కూడా పైన చెప్పిన నోటీసు తర్వాత. ఏజెంటును మూడు అడగండి: ఏ కోర్టు, ఏ కేసు నంబరు, మన జిల్లా కోర్టులో ఇ.పి. నంబరు ఎంత. నంబరు చెబితే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. చెప్పలేకపోతే ఆ ఫోన్‌కు భయపడి డబ్బు పంపకండి. ముసలివాళ్లయిన తల్లిదండ్రులకు ఫోన్ చేసి బెదిరించడం చట్టం ఇచ్చిన హక్కు కాదు. కాల్ రికార్డు దాచిపెట్టి ఫిర్యాదు చేయండి.

డిక్రీ నిజమైనదే, దేశం జాబితాలో ఉన్నదే. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ ఆరు కారణాలు చెబుతుంది. వాటిలో ఏ ఒక్కటి రుజువైనా జిల్లా కోర్టు అమలు నిరాకరించాల్సిందే. ఆ కోర్టుకు అధికార పరిధి లేకపోవడం, అసలు విషయం మీద విచారించి ఇచ్చిన తీర్పు కాకపోవడం, అంతర్జాతీయ న్యాయాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం లేదా వర్తించాల్సిన భారత చట్టాన్ని పక్కనపెట్టడం, సహజ న్యాయానికి విరుద్ధంగా కేసు నడపడం, మోసంతో తీర్పు తెచ్చుకోవడం, భారత చట్టాన్ని ఉల్లంఘించే క్లెయిమును నిలబెట్టడం.

ఎక్కువగా గొడవ జరిగేది రెండో దాని మీద. 1916లో కీమర్ వర్సెస్ విశ్వనాథం రెడ్డి కేసులో, ప్రతివాది ప్రశ్నావళికి జవాబివ్వలేదని ఇంగ్లండ్ కోర్టు అతని వాదనను కొట్టేసి తీర్పు ఇచ్చేసింది. ఆ తీర్పుతో మద్రాసులో దావా వేస్తే, అది అసలు విషయం మీద ఇచ్చిన తీర్పు కాదని ప్రీవీ కౌన్సిల్ తోసిపుచ్చింది. 2001లో ఇంటర్నేషనల్ ఊలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారిలోనే వెళ్లింది. అయితే ఒక జాగ్రత్త. ఎక్స్‌పార్టీ తీర్పు అయినంత మాత్రాన చెల్లకుండా పోదు. ప్రతివాది రాకపోయినా కోర్టు సాక్ష్యం తీసుకుని, పరిశీలించి రాసిన తీర్పు చెల్లుతుంది. సమన్లు అందినా వెళ్లకుండా ఊరుకుంటే తీర్పు దానంతటదే చెల్లదు అన్న సలహా ఎవరైనా ఇస్తే నమ్మకండి.

అధికార పరిధి గురించి తెలుగు నేల మీద పుట్టిన కేసు ఒకటుంది. అది డబ్బు కేసు కాదు, విడాకులది. తిరుపతిలో పెళ్లయిన దంపతుల్లో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకుల డిక్రీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరమంటూ కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఆమె ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు, పెళ్లికి వర్తించే చట్టంలో ఉన్న కారణమూ కాదు. ఆడపిల్లను ఇక్కడ వదిలేసి అక్కడ కాగితం తెచ్చుకునే పద్ధతికి ఆ తీర్పు అడ్డుకట్ట వేసింది. 13వ సెక్షన్ ఎంత బలమైనదో తెలియాలంటే ఆ తీర్పు చదవాలి.

అమెరికా కోర్టు డిక్రీ అయితే?

జాబితాలో లేని దేశం కాబట్టి నేరుగా ఇ.పి. కుదరదు. ఆ తీర్పును ఆధారంగా పెట్టి ఇక్కడ కొత్తగా దావా వేయాలి. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 101వ ఆర్టికల్ ప్రకారం తీర్పు వచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. ఆ దావాలోనూ 13వ సెక్షన్ వర్తిస్తుంది. స్పీడింగ్ టికెట్, టోల్ ఫైన్ లాంటివి ఆ దావాకు కూడా పనికిరావు. అవి శుద్ధంగా జరిమానాలు.

జాబితాలో ఉన్న దేశపు డిక్రీకి గడువెంత?

2020 మార్చిలో బ్యాంక్ ఆఫ్ బరోడా వర్సెస్ కోటక్ మహీంద్రా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. లండన్ డిక్రీ వచ్చింది 1995లో, ఇక్కడ ఇ.పి. వేసింది 2009లో. మన సివిల్ డిక్రీలకున్న 12 ఏళ్ల గడువు దీనికి వర్తించదని, డిక్రీ ఇచ్చిన దేశంలో ఎంత గడువుంటే అంతే అని కోర్టు చెప్పింది. డిక్రీదారు ముందు ఆ దేశంలోనే అమలుకు ప్రయత్నించి, పూర్తిగా వసూలు కాకపోతే, ఆ ప్రయత్నం ముగిశాక మూడేళ్లలోపు ఇక్కడికి రావచ్చు. తీర్పు తేదీ, అక్కడి అమలు ప్రయత్నాల తేదీలు మీ వకీలు ముందు అడిగేది అందుకే.

ఇల్లు, పొలం, జీతం జప్తు చేస్తారా? జైల్లో పెడతారా?

మన డిక్రీకి ఏ నియమాలో దీనికీ అవే. బాకీదారు పేరున ఉన్న ఆస్తి, ఉమ్మడి ఆస్తిలో అతని వాటా జప్తు కావచ్చు. తండ్రి స్వార్జితం కొడుకు బాకీకి జప్తు కాదు. బాకీదారు చనిపోతే వారసులు అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, తమ సొంత సంపాదన నుంచి కట్టక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద వ్యవసాయదారు, కూలీ తాను కాపురముంటున్న ఇల్లు జప్తు చేయకూడదు. ప్రావిడెంట్ ఫండ్‌నూ ముట్టుకోకూడదు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగతా దానిలో మూడింట రెండొంతులూ వదిలేయాలి.

సివిల్ జైలు ఉంది, కానీ బాకీ ఉన్నంత మాత్రాన పంపరు. కట్టే శక్తి ఉండి కూడా కావాలని ఎగ్గొడుతున్నాడని రుజువు కావాలి. పేదరికం నేరం కాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. డబ్బు డిక్రీలో ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు.

విదేశీ పన్ను బాకీ ఉంటే?

పన్ను కూడా జరిమానా పక్కనే కూర్చుంటుంది. ఈ సూత్రం మన ప్రభుత్వానికే ఒకసారి ఎదురుతగిలింది. ఢిల్లీకి కరెంటు సరఫరా చేసిన ఒక బ్రిటిష్ కంపెనీ తన వ్యాపారాన్ని 1947లో అమ్మేసి తర్వాత మూతపడింది. దాని నుంచి రావాల్సిన పన్ను ఇప్పించమని భారత ప్రభుత్వం ఇంగ్లండ్‌లో అడిగింది. 1955లో అప్పటి అక్కడి ఆఖరి కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ కుదరదంది. ఇప్పుడు కొన్ని పన్ను ఒప్పందాల్లో ఒకరి పన్ను ఇంకొకరు వసూలు చేసిపెట్టే షరతులున్నాయి. ఆ పని ఆదాయపు పన్ను శాఖది, 44ఎ ది కాదు.

యూరప్‌లో ఒక దేశం జరిమానాను ఇంకో దేశం వసూలు చేస్తుందట కదా?

అవును, అక్కడి ఏర్పాటు పూర్తిగా వేరు. యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన 214వ నంబరు ఫ్రేమ్‌వర్క్ నిర్ణయం ప్రకారం సభ్య దేశాలు ఒకరి జరిమానాను ఒకరు వసూలు చేస్తాయి. నేరానికి పడిన సొమ్ము, ఆ కేసు ఖర్చులు, బాధితుల సహాయ సంస్థకు కట్టమన్న సొమ్ము అన్నీ దాని నిర్వచనంలో ఆర్థిక దండన కిందికి వస్తాయి. బాధితుడు సివిల్ పార్టీగా చేరలేని చోట క్రిమినల్ కోర్టు ఇప్పించిన పరిహారం కూడా వస్తుంది. జప్తు ఉత్తర్వులు, సివిల్ నష్టపరిహారం రావు. మన దగ్గర అమలు కానిది అక్కడ అమలవుతుంది.

జర్మనీలో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగు పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది. వారాంతంలో కారు తీసుకుని నెదర్లాండ్స్ వెళ్లి స్పీడ్ కెమెరాకు చిక్కారనుకోండి. అది 70 యూరోల లోపు ఉంటే జర్మనీ నిరాకరించవచ్చు. దాటితే బాన్‌లో ఉన్న ఫెడరల్ న్యాయ కార్యాలయం నుంచి ఉత్తరం వస్తుంది. పౌరసత్వంతో పని లేదు, ఎక్కడ నివాసమో, ఎక్కడ ఆదాయమో అదే లెక్క. వసూలైన సొమ్ము మామూలుగా వసూలు చేసిన దేశానికే చెందుతుంది. బ్రిటన్ 2020 చివరితో ఈ ఏర్పాటు నుంచి బయటికి వచ్చేసింది. మన దేశానికి దీనితో సంబంధం లేదు.

నేరంతో సంపాదించిన ఆస్తి ఇక్కడ ఉంటే?

అది జరిమానా వసూలు కాదు, నేరపు సొమ్ము స్వాధీనం. ఒప్పందం ఉన్న దేశం అడిగితే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 8వ అధ్యాయం కింద, లేదా 2002 మనీ లాండరింగ్ చట్టం కింద ఇక్కడి ఆస్తిని గుర్తించి జప్తు చేయొచ్చు. 44ఎ లో జరిమానాకు ఉన్న మినహాయింపు అక్కడ అడ్డు రాదు.

ఇక్కడ అమలు కాదంటే ఆ జరిమానాను మర్చిపోవచ్చా?

ఆ దేశానికి మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే వద్దు. ఇక్కడ వసూలు కాకపోయినా అక్కడి రికార్డులో అది అలాగే ఉంటుంది. విమానాశ్రయంలో ఆపేయొచ్చు, కొత్త వీసా ఆగిపోవచ్చు. వీసా గడువు దాటి ఉన్నందుకు పడిన జరిమానాలను ప్రభుత్వాలు అప్పుడప్పుడు మాఫీ చేస్తాయి. ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు అలా అవకాశమిచ్చింది. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకుండా రాయబార కార్యాలయం ద్వారా వెళ్లడం మంచిది.

మన కోర్టు డిక్రీతో లండన్‌లో ఉన్న మనిషి నుంచి వసూలు చేయొచ్చా?

చేయొచ్చు. బ్రిటన్ 1933 చట్టాన్ని 1958లో భారత డిక్రీలకు వర్తింపజేసింది. అప్పిచ్చిన డబ్బు ఎగ్గొట్టి అక్కడ స్థిరపడినవాళ్ల మీద మన డిక్రీని అక్కడి హైకోర్టులో నమోదు చేయించుకోవచ్చు. నమోదుకు మామూలుగా తీర్పు వచ్చిన ఆరేళ్లలోపు వెళ్లాలి. జరిమానా, పన్ను కాకూడదన్న షరతు అక్కడా ఇదే.

వకీలు దగ్గరకు ఏమేం తీసుకెళ్లాలి?

వచ్చిన కాగితం అసలు, కవరుతో సహా. కవరు మీద ఉన్న పోస్టల్ తేదీ సమన్లు ఎప్పుడు అందాయో చెబుతుంది. లోను ఒప్పందం, కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అక్కడ ఉన్న తేదీలు తెలిసేలా పాస్‌పోర్టులో స్టాంపులున్న పేజీలు. అరబిక్ కాగితమైతే గుర్తింపు ఉన్న అనువాదకుడితో వాక్యం వాక్యం చేయించిన అనువాదం. వకీలు ఫీజు ఇచ్చుకోలేని పరిస్థితి అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అది జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును పెడతారు.